పది పౌండ్ల అద్దె, ఒక షిల్లింగు ఫీజు: 19వ శతాబ్దపు లిబరలిజంలో 'వ్యక్తి' అంటే ఎవరు?

ప్రశ్న సారాంశం ఇది. 19వ శతాబ్దపు లిబరల్స్ మనిషికి పుట్టుకతో హక్కులున్నాయన్నారు. కానీ కూలివాడికి ఓటివ్వలేదు, ఆడవాళ్ళను లెక్కలోకే తీసుకోలేదు, బానిసలను విడిపించి డబ్బు మాత్రం యజమానుల చేతిలో పెట్టారు, ఇండియాను ఏలుకున్నారు. ఇదంతా కపటమేనా, లేక సిద్ధాంతంలోనే ఏదైనా మెలిక ఉందా?

కపటం లేదని అనను. అయితే ఆ ఒక్క మాటతో తేల్చేస్తే అసలు సంగతి చేజారిపోతుంది. కపటమైతే దాచుకోవాలి కదా, వీళ్ళు దాచలేదు. హక్కు ఎవరికుంది, ఎవరికి లేదు, ఎన్ని పౌండ్లుండాలి, ఎన్ని నెలలుండాలి అన్నీ సెక్షన్ల వారీగా చట్టంలో రాసిపెట్టారు. మెలికంతా 'వ్యక్తి' అనే మాటలో ఉంది. హక్కులు వ్యక్తికి. వ్యక్తి అనిపించుకోవాలంటే ఇంకొకరి దయ మీద బతకకూడదు. దయ మీద బతకడం లేదనడానికి రుజువు ఆస్తి. ఇంతవరకు పట్టుబడితే మిగతాది అల్లుకుంటూ వస్తుంది. అందుకని ఉపన్యాసాలు పక్కన పెట్టి చట్టాలు ఎలా పనిచేశాయో చూద్దాం. ఎక్కువగా బ్రిటన్ చట్టాలే తీసుకుంటాను, ఎందుకంటే మన కోర్టుల గుమ్మం దాకా వచ్చినవి అవే.

ముందు పేరు సంగతి. తెలుగులో 'ఉదారవాదం' అనగానే చేతికి ఎముక లేని దాత కళ్ళ ముందు మెదులుతాడు. ఆ బొమ్మ చెరిపేసుకోండి. లిబరల్ అనే మాట రాజకీయ పక్షం పేరుగా స్థిరపడింది స్పెయిన్‌లో, కాదిజ్ నగరంలో. నెపోలియన్ సైన్యం చుట్టుముట్టి ఉండగా 1810లో అక్కడ కూడిన ప్రతినిధుల్లో, రాజు అధికారానికి రాతపూర్వకంగా హద్దు గీయాలన్నవాళ్ళను 'లిబరాలెస్' అన్నారు. వాళ్ళు 1812 మార్చి 19న ప్రకటించిన రాజ్యాంగం రాజకీయ అభిప్రాయాలను ముందస్తు అనుమతి లేకుండా అచ్చువేసుకోవచ్చంది. అదే రాజ్యాంగం 12వ అధికరణంలో దేశానికి కాథలిక్ మతం తప్ప ఇంకోటి ఆచరించడానికి వీల్లేదంది. ఒకే రాజ్యాంగంలో రెండూ! వీళ్ళు దానం చేసేవాళ్ళు కారు, ప్రభుత్వం చెయ్యి ఎక్కడ ఆగాలో గీత గీసేవాళ్ళు. ఆ గీత లోపల ఎవరుండాలన్నది వేరే లెక్క.

ఆ వేరే లెక్కను ఫ్రాన్స్‌లో బెంజమిన్ కాన్స్టాంట్ స్పష్టంగా చెప్పాడు. 1819లో పారిస్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో ప్రాచీనుల స్వేచ్ఛ వేరు, ఆధునికుల స్వేచ్ఛ వేరు అన్నాడు. ప్రాచీనులకు స్వేచ్ఛ అంటే సభలో కూర్చుని పాలనలో పాలుపంచుకోవడం. ఆధునికుడికి తన ఇల్లు, తన నమ్మకం, తన వ్యాపారం జోలికి ఎవరూ రాకపోవడం. అంటే పౌర హక్కులు ఒక గంప, రాజకీయ హక్కులు ఇంకో గంప. మొదటిది అందరికీ. రెండోది, అంటే ఓటు, తీరిక, చదువు, ఆస్తి ఉన్నవాళ్ళకు. చాలామంది వ్యాసాల్లో ఈ రెండు గంపలనూ కలిపేసి, ఆపైన 'హక్కులన్నారు గానీ ఇవ్వలేదు' అని రాస్తారు. ఓటు హక్కే కాదు, అది సమాజం అప్పగించిన బాధ్యత అన్నదే వాళ్ళలో ఎక్కువమంది వాదన. ఇంగ్లీషు లిబరల్ తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ అంతటివాడు రహస్య బ్యాలెట్‌ను వ్యతిరేకించింది కూడా అందుకే: ఓటు పరుల తరఫున వేసేది కాబట్టి నలుగురి ఎదుటా వేయాలి అన్నాడు.

ఇప్పుడు పది పౌండ్ల దగ్గరికి వద్దాం. 1832 సంస్కరణ చట్టం గురించి మన గైడ్లలో కనిపించే వాక్యం '10 పౌండ్ల ఆస్తి ఉన్నవారికి ఓటు'. తప్పు. అది ఆస్తి విలువ కాదు, ఆదాయమూ కాదు, పన్నూ కాదు. పట్టణాల్లో ఒక ఇల్లో, దుకాణమో, గోదామో, ఏదైనా కట్టడం ఏడాదికి కనీసం 10 పౌండ్ల అద్దె విలువ చేసేది సొంతంగానో అద్దెకో అనుభవిస్తూ ఉండాలి. ఫ్రాన్స్‌లో 1814 చార్టర్ (రాజు ఇచ్చిన రాజ్యాంగం) ఓటుకు అర్హతగా చెప్పిన 300 ఫ్రాంకులు మాత్రం నేరుగా కట్టే పన్ను మొత్తం, పైగా వయసు 30 నిండాలి. 1830 విప్లవం తర్వాత దాన్ని 200 ఫ్రాంకులకు, 25 ఏళ్ళకు దించారు. ఒకటి అద్దె, ఒకటి పన్ను. రెంటినీ పక్కపక్కన పెట్టి 10 చిన్నది, 200 పెద్దది అని పోల్చేవాళ్ళూ ఉన్నారు, ఏం చెప్తాం.

అద్దె విలువ సరిపోతే చాలదు. జులై నెలాఖరుకు ముందు 12 నెలలు ఆ కట్టడం చేతిలో ఉండాలి. పేదల సాయం కోసం వసూలు చేసే పేదల పన్ను, ఇంటి మీద పడే ఇతర పన్నులు బకాయి లేకుండా కట్టి ఉండాలి. చివరి ఆరు నెలలు ఆ పట్టణంలోనో, 7 మైళ్ళ లోపలో కాపురముండాలి. గడిచిన ఏడాదిలో పారిష్ (చర్చి పరిధిని బట్టి ఏర్పడ్డ స్థానిక పాలనా విభాగం) నుంచి పేదల సాయం పుచ్చుకుని ఉండకూడదు. ఇవన్నీ అయ్యాక జాబితాలో పేరుండటానికి ఒక షిల్లింగు (పౌండులో ఇరవయ్యో వంతు) కట్టాలి. ఆ జాబితా మీద ఎవరైనా అభ్యంతరం పెట్టవచ్చు. రివైజింగ్ బారిస్టర్, అంటే జాబితా సరిచూసే న్యాయవాది, వచ్చి విచారిస్తాడు, ఓటరు రుజువు చూపలేకపోతే పేరు కొట్టేస్తాడు. పార్టీల ఏజెంట్లకు ఇది పంటకాలం అయిపోయింది. ఎన్నికల్లో గెలవడం కంటే ముందు ఎదుటి పక్షం పేర్లు జాబితాలోంచి తీయించడమే పనిగా పెట్టుకున్నారు.

ఈ షరతుల్లో లిబరల్ ఆలోచన మొత్తం దాగుంది. ఏడాదిపాటు ఒకేచోట ఉన్నవాడు స్థిరమైనవాడు. పన్ను కట్టినవాడికి రాజ్యం ఖర్చుల మీద పట్టింపు ఉంటుంది. సాయం పుచ్చుకున్నవాడు పరాధీనుడు కాబట్టి, మొన్నటిదాకా ఓటున్నా సరే, ఒక కరువు నెలలో పారిష్ రొట్టె తింటే పేరు పోయింది. అంటే ఇది పుట్టుకతో వచ్చే హక్కు కాదు, ఏటా రుజువు చేసుకోవలసిన హోదా. అదే కాక, లండన్‌లో అద్దెలు ఎక్కువ కాబట్టి పనివాళ్ళలో కొంచెం మెరుగైనవాళ్ళు 10 పౌండ్ల గీత దాటారు. లీడ్స్‌లో అద్దెలు తక్కువ, అదే పని చేసేవాడు అక్కడ గీత కిందే ఉండిపోయాడు. మనిషి అదే, ఊరు మారితే 'వ్యక్తి' మారాడు. మొత్తంగా ఇంగ్లండ్, వేల్స్‌లో వయోజన పురుషుల్లో సుమారు ఐదో వంతుకు మాత్రమే ఓటు వచ్చింది. ఇంకో మాట: ఓటరు 'మగ వ్యక్తి' అని పార్లమెంటు చట్టంలో నోరు తెరిచి చెప్పింది కూడా 1832లోనే. అంతకుముందు ఆడవాళ్ళను ఆనవాయితీ ఆపేది, ఇప్పుడు చట్టం ఆపింది.

పల్లె నియోజకవర్గాల్లో పాత 40 షిల్లింగుల సొంతభూమి అర్హత అలాగే ఉంచి, ఛాండోస్ అనే టోరీ (సంప్రదాయవాద పక్షం) సభ్యుడు పెట్టిన సవరణతో ఏడాదికి 50 పౌండ్ల కౌలు కట్టే రైతులకూ ఓటిచ్చారు. చూడ్డానికి విస్తరణే. కానీ ఆ కౌలు భూస్వామి ఇష్టమున్నంత కాలమే, ఓటేమో అందరి ఎదుటా నోటితో చెప్పాలి. ఎవరి పేరు చెప్తాడో మీకు తెలుసు. పరాధీనుడికి ఓటు కూడదన్న సూత్రాన్ని అదే చట్టం ఇక్కడ తానే తుంగలో తొక్కింది. రహస్య బ్యాలెట్ 1872 దాకా రాలేదు.

1867 రెండో సంస్కరణలో ఇంకో చిక్కు. ఈసారి పట్టణాల్లో అద్దె గీత తీసేసి ఇంటి యజమాని అయినా, ఇల్లంతా అద్దెకు తీసుకున్నవాడైనా ఓటివ్వాలనుకున్నారు. కానీ పేదల పన్ను తన చేత్తో కట్టి ఉండాలన్నారు. అప్పటికి చాలా ఊళ్ళలో చిన్న ఇళ్ళ పన్ను ఇంటి ఓనరే కలిపి కట్టేసి, అద్దెలో వసూలు చేసుకునేవాడు. పారిష్‌కు వంద తలుపులు తట్టే బాధ తప్పేది, ఓనరుకు పన్నులో తగ్గింపు దొరికేది. అద్దెవాడు పన్ను మోస్తున్నా పన్ను పుస్తకంలో పేరు ఓనరుది. హాడ్జ్‌కిన్సన్ అనే సభ్యుడి సవరణను, ప్రభుత్వం తరఫున బిల్లు నడిపిస్తున్న మంత్రి డిజ్రేలీ ఒప్పేసుకోవడంతో పార్లమెంటరీ పట్టణాల్లో ఆ పద్ధతే ఎత్తేశారు, సుమారు 5 లక్షల మంది ఒక్కసారిగా ఓటరు అర్హతలోకి వచ్చారు. ఆ తర్వాత ఏమైందంటే, పన్ను అద్దెవాడి నెత్తిన నేరుగా పడింది, ఓనర్లు మాత్రం అద్దె తగ్గించలేదు. ఒకే పన్ను రెండుసార్లు కట్టినట్టయింది. గోల పెరిగి 1869లో పాత పద్ధతిని తిరిగి తెచ్చారు. అయితే పన్ను ఓనరు కట్టినా అద్దెవాడి పేరు జాబితాలో ఉంటుందన్నారు. ఆ రోజుతో పన్ను కట్టే చెయ్యికీ, ఓటు వేసే చెయ్యికీ ముడి ఊడిపోయింది. పెద్ద ఉపన్యాసమేమీ లేకుండా, వసూళ్ళ ఇబ్బంది వల్ల. సిద్ధాంతాలు ఎక్కువగా ఇలాగే మారతాయి.

అదే 1867లో మిల్ పార్లమెంటు సభ్యుడు. మే 20న ఒక చిన్న సవరణ పెట్టాడు: బిల్లులో 'పురుషుడు' అన్నచోట 'వ్యక్తి' అని మార్చండి. అంతే. అనుకూలంగా 73, వ్యతిరేకంగా 196. ఓడిపోయింది గానీ ఆ 73 ఓట్లు ఎవరూ ఊహించనివి. తర్వాతి కథ ఇంకా రుచిగా ఉంటుంది. 1850లో వచ్చిన ఒక చట్టం ప్రకారం, పార్లమెంటు చట్టాల్లో పుంలింగ పదం వాడితే, వేరుగా చెప్పనంత వరకు, స్త్రీలనూ కలుపుకున్నట్టే. 1832 చట్టం 'మగ వ్యక్తి' అంది, 1867 చట్టం మాత్రం 'పురుషుడు' అని ఊరుకుంది. అయితే మాకూ ఓటుంది అంటూ మాంచెస్టర్‌లో 5,346 మంది స్త్రీలు పేర్లు నమోదు చేయమన్నారు. చోర్ల్‌టన్ వర్సెస్ లింగ్స్ అనే ఆ వ్యాజ్యం 1868 నవంబరులో కామన్ ప్లీస్ కోర్టులో తేలింది. చట్టం 'చట్టపరమైన అనర్హత లేని' పురుషుడు అంటోంది, స్త్రీలు అనాదిగా అనర్హులు, కాబట్టి ఓటు లేదు పొమ్మంది కోర్టు. పన్నుల చట్టాల్లో 'అతడు' అంటే ఆమె కూడా, ఓటు చట్టంలో 'అతడు' అంటే అతడే!

పెళ్ళయిన స్త్రీ విషయంలో వెనకున్న తర్కం వేరు. ఇంగ్లీషు కామన్ లా (కోర్టు తీర్పుల మీద నిలిచిన చట్టం) లెక్కలో భార్య వ్యక్తిత్వం భర్త వ్యక్తిత్వంలో కలిసిపోయేది. ఆమె కూలి డబ్బు భర్తది, ఆమె పేర ఒప్పందం చెల్లదు. ఆస్తే వ్యక్తికి రుజువు అయినప్పుడు, ఆస్తి ఉండే వీల్లేనివాళ్ళు వ్యక్తులెలా అవుతారు? 1870లో ఆమె సంపాదన ఆమెదేనన్నారు, 1882లో అన్ని రకాల ఆస్తికీ దాన్ని వర్తింపజేశారు. ఓటు కంటే ముందు ఆస్తి హక్కు రావడం యాదృచ్ఛికం కాదు.

బానిసల పరిహారం కూడా ఈ వెలుగులోనే చూడాలి. బానిసత్వాన్ని రద్దు చేసిన 1833 చట్టం కరీబియన్, మారిషస్, దక్షిణాఫ్రికాలోని కేప్ వగైరా వలసల్లో సుమారు 8 లక్షల మందిని విడిపించింది. పరిహారం 2 కోట్ల పౌండ్లు, అప్పటి బ్రిటన్ ప్రభుత్వ వార్షిక వ్యయంలో సుమారు 40 శాతం. అంతా యజమానులకే. ఆస్తిని ప్రభుత్వం ఊరికే లాక్కోకూడదన్నది లిబరల్ సూత్రాల్లో గట్టిది. ఇక్కడ ఆ ఆస్తి మనిషి. రెండు హక్కులు ఢీకొంటే సూత్రం ఆస్తివైపు తూగింది. లెక్క ఎలా కట్టారో చూడండి: ఒక్కో వలసలో బానిసల సంత ధరను బట్టి వాటా. జమైకాలో తలకు సుమారు 20 పౌండ్లు, భూమి కొత్తదై గిరాకీ ఎక్కువున్న బ్రిటిష్ గయానాలో 50 దాటింది. విడుదలైనవాళ్ళలో ఆరేళ్ళు దాటినవాళ్ళు 'అప్రెంటిస్' పేరుతో పాత యజమానికే వారానికి 45 గంటల దాకా జీతం లేకుండా చాకిరీ చేయాలి. 1840 దాకా సాగాల్సిన ఆ ఏర్పాటు గొడవల వల్ల 1838 ఆగస్టు 1న ముగిసింది. ఇక 64వ సెక్షన్: ఈస్ట్ ఇండియా కంపెనీ ఏలుబడిలోని ప్రాంతాలకు ఈ చట్టం వర్తించదు. ఏ చట్టమైనా చదివేటప్పుడు మొదటి పేజీ కంటే ముందు మినహాయింపుల సెక్షన్ చూడమనేది ఇందుకే. ఇక్కడ కోర్టులు బానిసత్వాన్ని గుర్తించకూడదనే చట్టం 1843లో వచ్చింది.

ఖాళీ అయిన చెరకు తోటలకు మనుషులు కావాలి. ఇకమీదట ఒప్పందం మీద, స్వేచ్ఛగా! 'ఒప్పుకునే స్వేచ్ఛ' లిబరలిజానికి ఇంకో మూలస్తంభం. కోరంగి రేవులో ఓడెక్కి మారిషస్ వెళ్ళిన తెలుగువాళ్ళను అక్కడ 'కోరంగీలు' అనే పిలిచారు. ఐదేళ్ళ ఒప్పందం, తొలి రోజుల్లో నెలకు 5 రూపాయలు, బత్తెం. కాగితం మీద ఇద్దరు స్వతంత్ర వ్యక్తుల మధ్య ఒప్పందం. కానీ కూలి పని మానేస్తే అది నేరం, జైలు. తోట యజమాని జీతం ఎగ్గొడితే మాత్రం బాకీ దావా. బ్రిటన్‌లోనూ 1875 దాకా పనివాడికీ యజమానికీ ఇదే తేడా. ఒప్పందం సమానం, దాన్ని తప్పినవాడికి శిక్ష సమానం కాదు.

ఇండియా గురించి మిల్ 1859 నాటి తన పుస్తకం 'ఆన్ లిబర్టీ' మొదటి అధ్యాయంలోనే చెప్పేశాడు: ఈ సూత్రం యుక్తవయసు వచ్చినవాళ్ళకే, జాతి ఇంకా ఎదగని సమాజాలకు కాదు, అక్కడ బాగుచేయడం కోసమైతే నిరంకుశత్వం న్యాయమే. 1823 నుంచి 1858 దాకా ఆయన కంపెనీ లండన్ కార్యాలయ ఉద్యోగి. పరాధీనుడు వ్యక్తి కాడనే పాత వాదాన్ని ఇంటి నుంచి ఖండానికి సాగదీశాడన్నమాట. ఎదిగారా లేదా అని తేల్చేది ఎవరన్న ప్రశ్నకు ఆ పేజీల్లో జవాబుండదు.

మనవాళ్ళు ఆ జవాబు కోసం ఎదురుచూడలేదు. మద్రాసులో గాజుల లక్ష్మీనరసు శెట్టి 1844లో 'క్రెసెంట్' పత్రిక, 1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్ పెట్టి, శిస్తు వసూలులో రైతుల మీద జరిగే హింసను పార్లమెంటు దాకా తీసుకెళ్ళాడు. వేళ్ళు నొక్కి నలిపే కిట్టి, మనిషిని వంచి కట్టేసి ఎండలో నిలబెట్టడం లాంటివన్నీ 1855 నాటి హింసా విచారణ సంఘం నివేదికలోకి ఎక్కాయి. ఆయన మాకు ఓటివ్వమని మొదలుపెట్టలేదు. శరీరం జోలికి రావద్దు, ఆస్తికి పద్ధతిగా శిస్తు కట్టించుకోండి అన్నాడు. కాన్స్టాంట్ మొదటి గంప అదే. కంపెనీ తన సొంత సూత్రం ప్రకారం కాదనలేని చోటే పట్టుకున్నాడు.

చివరిగా, వ్యక్తి హక్కు పేరుతో ఇక్కడ చేసిన చట్టాల్లో అందరికీ తెలిసిన 1856 వితంతు పునర్వివాహ చట్టం. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం చేయించిన మొదటి పెళ్ళికి ఆధారం అదే. మొదటి సెక్షన్ పెళ్ళి చెల్లుతుందంది. రెండో సెక్షన్ ఎవరూ చదవరు: మళ్ళీ పెళ్ళాడిన వితంతువుకు మొదటి భర్త ఆస్తిలో మనోవర్తిగా, వారసత్వంగా ఉన్న హక్కులన్నీ, ఆమె ఆ క్షణాన చనిపోయినట్టే, అంతమవుతాయి. పెళ్ళాడే వ్యక్తిగా బతికించి, ఆస్తిదారుగా చంపేసింది. బ్రాహ్మణ కుటుంబాల్లో దీని సంగతి ఒకటి. మారుమనువు ఆచారం ఎప్పటినుంచో ఉన్న కులాల సంగతి వేరు, వాళ్ళకు ఈ చట్టం కొత్తగా ఇచ్చిందేమీ లేదు. అలాంటి కులాల్లో కూడా ఆస్తి పోతుందని మద్రాసు హైకోర్టు 1877లో తీర్పిచ్చింది, ఆచారం ఒప్పుకున్నచోట పోదని అలహాబాదు హైకోర్టు అంది. ఆ చట్టం పుస్తకాల్లోంచి పోయింది 1983లో.